‘ఎప్పుడైనా’ అనే గడి

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఏనాడూ మంచిది కాదు. అయినా మా ఊళ్ళో సిగరెట్ తాగేవాళ్ళలో సగం మంది నా ఫారం మీద సంతకం పెట్టారు. తిట్టి పెట్టించాను. టీ కొట్టు దగ్గర నిలబడి పొగ వదిలేవాడి దగ్గరికి వెళ్ళి "అయ్యా, మీ ఆరోగ్యం" అంటే పళ్ళికిలిస్తాడు. "నువ్వు పోయాక నీ పిల్లల్ని ఎవరింట్లో వదలాలో ఇప్పుడే చెప్పు, రాసుకుంటాను" అంటే సిగరెట్ నోటి దగ్గర ఆగిపోతుంది. అలా ఆగినప్పుడే పెన్ను చేతిలో పెట్టాలి. అందులో నన్ను మించినవాళ్ళు లేరు.

నా ఉద్యోగం పేరు అనుసంధాన కార్యకర్త. వీధుల్లో మాత్రం పొగమ్మ. సిగరెట్ మానాలనుకునేవాళ్ళని మాన్పించే కేంద్రంతో కలపడం నా పని. మాన్పించడం నా పని కాదు, ఆ తిప్పలు అక్కడివాళ్ళు పడతారు. నేను కాలికి బలపం కట్టుకుని తిరిగి, ఫారం నింపి, సంచిలో ఉన్న చిన్న మిషన్‌లో ఊదించి, వచ్చిన అంకె ఫారం మీద వేసి పంపుతాను. మిషన్‌కి కాగితం గొట్టం తగిలించి గట్టిగా ఊదితే ఊపిరిలో పొగ తాలూకు విషం ఎంతుందో తేలుతుంది. సిగరెట్ ముట్టనివాళ్ళకి ఐదు లోపు వస్తుంది. మా బావకి ముప్ఫై ఒకటి వచ్చింది.

బావ సంగతికి వచ్చే ముందు ఫారం సంగతి చెప్పాలి. దాని అడుగున ‘ఫోన్ ఎప్పుడు చేయాలి’ అని నాలుగు గడులుంటాయి: ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, ఎప్పుడైనా. కేంద్రంలో సాయంత్రం ఫోన్లు చేసే మనిషి ఒక్కతే. సాయంత్రం గడిలో టిక్కు పడితే ఫోన్ రావడానికి మూడు వారాలైనా పడుతుంది. ‘ఎప్పుడైనా’లో పడితే పగటివాళ్ళు మూడు రోజుల్లో చేసేస్తారు. ఫోన్ మోగిందంటే చాలు, ఎత్తినా ఎత్తకపోయినా ఆ మనిషిని నేను కలిపినట్టే, ఆ నెల నా పేరున పడినట్టే. మూడుసార్లు ఎత్తకపోతే ‘ఆసక్తి లేదు’ అని రాసి ఫైలు మూసేస్తారు. అది వాళ్ళ గొడవ.

అందుకని ఎవరు ఏ వేళ చెప్పినా నేను తలూపి ‘ఎప్పుడైనా’లోనే టిక్కు పెట్టేదాన్ని. మా పైన ఉండే మేడమ్ ప్రతి నెలా మీటింగులో నన్ను లేపి నిలబెట్టి, "ఈవిడ్ని చూసి నేర్చుకోండి" అనేది. ఏం చూసి నేర్చుకోవాలో నేను ఎవరికీ చెప్పలేదు.

బావ అంటే మా అక్క భర్త. మరమగ్గాల మిల్లులో ఇరవై ఏళ్ళుగా పని. ఆ హోరులో అరిచి అరిచి అలవాటై, ఇంట్లో మంచినీళ్ళు అడిగినా వీధి చివరికి వినపడేది. నన్ను చూడగానే "పొగమ్మ వచ్చింది, కిటికీలు తెరవండి" అని కేకేసేవాడు. నేను తక్కువ తిన్నానా? "తెరిచినా నీ కంపు పోదులే బావా" అనేదాన్ని. మా ఇద్దరి నోళ్ళ మధ్య పడి అక్క నవ్వలేక చచ్చేది.

ఏడాదిగా ఆయనకి నడుస్తుంటే కుడి పిక్క పట్టేసేది. ఇరవై అడుగులు వేయడం, ఆగడం. ఆగినట్టు ఎవరికీ తెలియకూడదని దుకాణాల బోర్డులు చదువుతున్నట్టు నటించేవాడు. ఒకరోజు ఆడవాళ్ళ జాకెట్లు కుట్టే టైలరు బోర్డు ముందు ఐదు నిమిషాలు నిలబడ్డాడని అక్క చెప్పి పడీ పడీ నవ్వింది. తర్వాత బొటనవేలి మీద చిన్న పుండు లేచింది. ఎన్నాళ్ళయినా మానలేదు. అప్పుడు నవ్వులు ఆగిపోయి ఆసుపత్రికి వెళ్ళారు.

కాలికి రక్తం తీసుకెళ్ళే దారి మూసుకుపోయిందని డాక్టరు చెప్పాడు. తొడలోంచి నరం తీసి పక్కనుంచి కొత్త దారి కుట్టొచ్చు, కాలు దక్కుతుంది. కానీ సిగరెట్ తాగేవాడికి కుడితే ఆ కొత్త దారీ మూసుకుపోతుంది, తన శ్రమ దండగ. కాబట్టి ఆరు వారాలు మానేసినట్టు కేంద్రం నుంచి కాగితం తెస్తేనే ఆపరేషన్‌కి తేదీ ఇస్తానన్నాడు.

"నా మాట మీద నమ్మకం లేదా డాక్టర్?" అని బావ అడిగాడట.

"ఇక్కడికొచ్చే ప్రతివాడూ మానేశాననే చెబుతాడు. నాకు కాగితం కావాలి. ఆలస్యం చేస్తే మాత్రం మోకాలి కింద తీసేయడమే."

ఆ సాయంత్రమే అక్క కబురు పెట్టింది. నేను వెళ్ళేసరికి బావ సిగరెట్ పెట్టె తెచ్చి నా ముందే నీళ్ళ బకెట్లో ముంచాడు. మిషన్‌లో ఊదాడు. ఫారం మీద సంతకం పెట్టాడు.

"మరదలా, ఫోన్ సాయంత్రం చెయ్యమని రాయి. పగలు నా దగ్గర ఉండదు."

ఉండదని నాకూ తెలుసు. ఒకసారి ఎవరో ఫోన్ చూసుకుంటూ చొక్కా చెయ్యి మగ్గం బెల్టులో ఇరికించుకున్నాడు. అప్పటినుంచి ఆ మిల్లులో అందరూ ఫోన్లు గేటు దగ్గర చెక్క గూళ్ళలో పెట్టి నంబరు బిళ్ళ తీసుకుని లోపలికి వెళ్ళాలి. మళ్ళీ చేతికొచ్చేది షిఫ్టు దిగాకే.

"అలాగే బావా" అన్నాను. ఇంటికొచ్చి ‘ఎప్పుడైనా’లో టిక్కు పెట్టాను.

నెలాఖరుకి మూడు రోజులుంది. మొదటి స్థానానికి నాకు ఒక్క మనిషి తక్కువ. పైగా ఇంటి మనిషి, ఫోన్ తొందరగా రావడం మంచిదే కదా, సాయంత్రమే చేయమని కేంద్రంలో నోటిమాటగా చెబుదాంలే అనుకున్నాను. ఆ మాట చెప్పడం మర్చిపోయాను. మర్చిపోయానని అనడం కూడా అబద్ధమే. రెండుసార్లు గుర్తొచ్చింది, రెండుసార్లూ రేపు చూద్దాం అనుకున్నాను.

ఆ నెల మొదటి స్థానం నాదే. బహుమతిగా స్టీలు ఫ్లాస్కు ఇచ్చారు. మీటింగయ్యాక మేడమ్ పక్కకి పిలిచి, మా జట్టులో ఒక్కరిని పర్మనెంటు చేస్తున్నారనీ, రెండు నెలల్లో తేలిపోతుందనీ చెప్పింది. "నీ పేరే పంపాను. ఈ లోపల నీ మీద ఒక్క తప్పు స్లిప్పు కూడా పడకుండా చూసుకో." ఎనిమిదేళ్ళుగా ఏ నెలకా నెల పని ఉంటుందో ఊడుతుందో తెలియకుండా బతికినదాన్ని. ఆ మాట విన్నాక నేల మీద నడిచినట్టు లేదు నాకు.

మూడో వారంలో కేంద్రం నుంచి ‘ఆసక్తి లేదు’ జాబితా వచ్చింది. పదకొండు పేర్లు. ఎనిమిదోది బావది.

ఒళ్ళు మండిపోయింది. నిజంగా మండింది, నటన కాదు. టిక్కు సంగతి ఆ క్షణాన నాకు తట్టనే లేదు. తిన్నగా వాళ్ళింటికి వెళ్ళి గుమ్మంలోనే మొదలుపెట్టాను. పక్కిళ్ళవాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారు, నిలబడనీ అనుకున్నాను.

"కాలు పోతుందని చెప్పినా ఫోన్ ఎత్తడానికి బద్ధకమా నీకు? కుక్క తోక వంకరని ఊరికే అన్నారా? నువ్వు మానవని నాకు ముందే తెలుసు. అక్క మొహం చూసి రాసుకున్నాను."

"నేను మానేసి పద్దెనిమిది రోజులైంది" అన్నాడు బావ, తన మామూలు అరుపుతో. వీధంతా విన్నది.

అక్క వంటింట్లోంచి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఆ చొక్కా వాసన చూడవే. నిప్పు లేనిదే పొగొస్తుందా?"

"మిల్లు టీ షెడ్డులో మిగతావాళ్ళు తాగుతారు. టీ తాగడానికి నేనూ అక్కడే కూర్చోవాలిగా."

"అందరూ తాగుతుంటే నువ్వు గాలి పీలుస్తూ కూర్చున్నావు. నమ్మమంటావు" అంది అక్క.

బావ జేబులోంచి ఫోన్ తీసి నాకు చూపించాడు. మూడు మిస్డ్ కాల్స్. మూడూ పగటివేళ. "తిరిగి చేస్తే ఈ నంబరుకి ఫోన్ కలవదని చెబుతోంది. సాయంత్రం చెయ్యమని రాయించాను కదా మరదలా?"

అప్పుడు తట్టింది. కానీ వీధంతా చూస్తోంది, నోరు అప్పటికే పరుగు మీద ఉంది.

"చేసిందంతా చేసి ఇప్పుడు నా ఫారం మీద పడకు" అన్నాను.

అక్క ఆ రోజునుంచి ఆయనతో మాట్లాడటం మానేసింది.

ఇంటికెళ్ళి ఫారాల పుస్తకం తీశాను. పై కాగితం కేంద్రానికి వెళుతుంది, కింద గులాబీరంగు నకలు నా దగ్గరే ఉంటుంది. ‘ఎప్పుడైనా’ గడిలో నా టిక్కు, తోక కొంచెం పొడుగ్గా, ఎప్పుడూ పెట్టేలాగే ఉంది. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారంటారు. ఇంట్లో అడిగేవాళ్ళెవరూ లేరు, అయినా తడుముకున్నాను.

దానికి మందు లేకపోలేదు. తప్పు స్లిప్పు అని ఉంటుంది, అరచేతంత కాగితం. ‘ఫారం నింపడంలో కార్యకర్త పొరపాటు’ అని రాసి సంతకం పెట్టి ఇస్తే ఆ రోజే ఫైలు తెరుస్తారు. లేకపోతే మూసిన ఫైలు తెరవడానికి తొంభై రోజులు ఆగాలి. స్లిప్పు రాశాను, సంతకం కూడా పెట్టాను. సంచి లోపలి జేబులో పెట్టి జిప్పు వేశాను. పర్మనెంటు ఆర్డరుకి ఇంకా ఐదు వారాలుంది. ఇరవై ఏళ్ళు మగ్గం ముందు నిలబడ్డ కాలు ఐదు వారాలు ఆగదా అనుకున్నాను.

తొమ్మిది రోజుల తర్వాత బావ నా గదికి వచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి. రెండు మెట్లెక్కి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. నేను కుర్చీ చూపించాను. కుడి చెప్పు విప్పేసి కూర్చున్నాడు. బొటనవేలికి కట్టు ఉంది, కట్టు మీద పసుపుపచ్చ మరక ఉంది.

"కేంద్రానికి వెళ్ళొచ్చాను" అన్నాడు. "తొంభై రోజులు ఆగాలట. ఫారం నింపినవాళ్ళు తప్పు జరిగిందని రాసిస్తే ఇవాళే తెరుస్తానంది ఆ బల్ల దగ్గరావిడ. ఒకసారి చూస్తావా మరదలా? ఎక్కడైనా తప్పు జరిగిందేమో."

సంచి నా మోకాలి పక్కనే ఉంది.

"నా దగ్గర తప్పులు జరగవు బావా."

"జరిగిందని కాదు. తొందరలో ఏదైనా..."

"ఎనిమిదేళ్ళుగా చేస్తున్నాను. నీ ఒక్కడి ఫారంలోనే తప్పు రాశానంటావా?"

ఆయన కాసేపు తన కాలి వంక చూసుకున్నాడు. తర్వాత మొహం కొంచెం తేటపడింది. "పోనీ నీ మిషన్ ఉందిగా, ఇప్పుడే ఊదుతాను. ఇరవై ఏడు రోజులైంది నేను ముట్టి. అంకె చూసి డాక్టరుకి నువ్వే ఒక ముక్క రాసివ్వు. మీ అక్కకి కూడా చూపిస్తాను. అదైతే అన్నం పెట్టి అవతలికి పోతోంది, మొహం కూడా చూడటం లేదు."

సంచిలో మిషన్ ఉంది. యాభై కాగితం గొట్టాల పొట్లం ఉంది, సీలు కూడా విప్పలేదు.

"గొట్టాలు అయిపోయాయి" అన్నాను.

"ఉత్తినే ఊదితే రాదా?"

"రాదు."

నేను భయపడింది అంకె పెద్దదొస్తుందని కాదు. చిన్నదొస్తుందని. మూడో నాలుగో వస్తే ఆయన మాట నిజమవుతుంది, ఆయన మాట నిజమైతే ఫోన్ల సంగతి నిజమవుతుంది, అప్పుడు ఎవరో ఒకరు నా గులాబీ కాగితం అడుగుతారు. ఆ మనిషి నా ఎదురుగా కూర్చుని ఊదుతానని బతిమాలుతుంటే నాకు కలిగింది జాలి కాదు, కోపం. ఎందుకు మానేశావురా బాబూ అని కోపం. అందరిలాగా దొంగతనంగా తాగి ఉంటే నేను హాయిగా నిద్రపోయేదాన్ని.

"తొంభై రోజులు ఎంతలో తిరుగుతాయి బావా" అన్నాను. "నిజంగా మానితే అప్పటికీ మానే ఉంటావుగా."

చెప్పు తొడుక్కోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. కిటికీలోంచి చూశాను. మా వీధిలో దుకాణాలు లేవు, చదవడానికి బోర్డులు లేవు. ఇరవై అడుగులు నడిచి, ఒక వట్టి గోడకి ఎదురుగా నిలబడ్డాడు. గోడనే చదువుతున్నట్టు నిలబడి, మళ్ళీ నడిచాడు.

పదహారు రోజులకి వేలు నల్లబడింది. తర్వాత పాదం. అక్క ఏడుస్తూ ఫోన్ చేసేటప్పటికి డాక్టరు దారి కుట్టే సంగతి ఎత్తడమే మానేశాడు. మోకాలి కింద తీసేశారు.

ఆసుపత్రికి బహుమతి ఫ్లాస్కులోనే టీ తీసుకెళ్ళాను. ఇంట్లో మంచి ఫ్లాస్కు అదొక్కటే. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళకీ అక్క ఒకటే మాట చెబుతోంది: "ఒక్క ఫోన్ ఎత్తుంటే ఈ మనిషికి కాలుండేది. ఒక్క ఫోన్. మా చెల్లెలు ఇంటికొచ్చి రాసుకెళ్ళినా ఎత్తలేదు." వచ్చినవాళ్ళు తలలూపి, నా వంక మెచ్చుకోలుగా చూసేవారు. బావ గోడవైపు తిరిగి పడుకునేవాడు. నేను టీ పోసిస్తే తాగేవాడు.

కాలు తీసిన పదకొండో రోజున పర్మనెంటు ఆర్డరు వచ్చింది. ఇంటికొచ్చి సంచి లోపలి జేబు జిప్పు తీసి, స్లిప్పు నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో పడేశాను. చేతులు కాలాక ఆకులెందుకు అనుకున్నాను. కాలినవి నా చేతులు కావని కూడా తెలుసు.

మూడు నెలలు గడిచాయి. మేడమ్ కొత్త హుకుం తెచ్చింది: ‘ఆసక్తి లేదు’ అని మూసేసినవాళ్ళందరినీ మళ్ళీ కలవాలి, తొంభై రోజులు దాటినవాళ్ళ దగ్గర కొత్త ఫారాలు తీసుకోవాలి. జాబితాలో ఎనిమిదో పేరు వదిలేద్దామనుకున్నాను. వదిలేస్తే ఎందుకు వదిలేశావని అడుగుతారు.

బావ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. లుంగీ కుడివైపు మోకాలి కింద మడిచి పిన్నీసు పెట్టి ఉంది. చేతిలో సిగరెట్ వెలుగుతోంది, కిటికీ మీద రెండు పెట్టెలున్నాయి. అక్క వంటింట్లో గిన్నెలు తోముతోంది.

"రా మరదలా" అన్నాడు. ఆ గొంతు నేను గుర్తుపట్టలేదు. మిల్లు మానేశాక అరవాల్సిన పని లేక, చిన్నగా మాట్లాడటం అలవాటైంది ఆయనకి. పొగమ్మ వచ్చిందనలేదు. కిటికీ ఎలాగూ తెరిచే ఉంది.

"మళ్ళీ ఎందుకు మొదలుపెట్టావు బావా?"

"మానినన్నాళ్ళూ ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు తాగుతున్నాను, అందరూ నమ్ముతున్నారు."

నేను మిషన్ తీసి గొట్టం తగిలించాను. ఆయన దాని వంక చూశాడు.

"ఇవాళ ఉన్నాయే గొట్టాలు" అన్నాడు.

ఊదాడు. ఇరవై ఎనిమిది. అంకె వేసుకుంటుంటే నా చేతి వంకే చూస్తూ, ఇంకా గొంతు తగ్గించాడు. "ఆసుపత్రిలోంచి పంపేటప్పుడు కాగితాలన్నీ కట్టగా కట్టి ఇచ్చారు. నువ్వు నింపిన ఫారం నకలు కూడా ఉంది అందులో, డాక్టరు కేంద్రం నుంచి తెప్పించుకున్నాడట."

వంటింట్లో కుళాయి ఆగింది. మళ్ళీ కుళాయి తిరిగింది.

"అక్కకి చెప్పావా?"

"లేదు."

"ఎందుకు?"

"నీ మీద జాలితో కాదులే, సంతోషపడకు. దానికి ఇటు నేను, అటు నువ్వు. నేను ఇలా అయ్యాను. నువ్వు కూడా లేకుండా చేస్తే ఇంకెవరున్నారు దానికి?" సిగరెట్ బూడిద కిటికీ బయటికి దులిపాడు. "రోజూ తిడుతుంది. ఒక్క ఫోన్ ఎత్తలేదని. వింటాను. తిట్టినంతసేపైనా నాతో మాట్లాడుతోంది కదా."

నేను చెప్పాల్సిన మాట ఒకటే ఉంది, అదీ ఆయనతో కాదు. వంటింటి దాకా ఆరడుగులు నడిస్తే చాలు. నాకు రెండు కాళ్ళూ ఉన్నాయి. నేను ఫారం ఆయన ముందు పెట్టాను, ఆయన సంతకం పెట్టాడు.

"ఫోన్ ఎప్పుడు చెయ్యమంటావు?" అని అడిగాను. గొంతు మామూలుగానే వచ్చింది.

"ఎప్పుడైనా. ఇప్పుడు నేనెక్కడికీ పోను."

అక్క చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. ఫారం చూసి, ఆయన్ని చూసి, నా భుజం మీద చెయ్యి వేసింది. తడి చెయ్యి.

"రాయవే, రాయి. ఆ కాలెలాగూ పోయింది, రెండోదైనా మిగలాలి. ముందు ఈసారైనా ఫోన్ ఎత్తుతాడో లేదో అడుగు."

ఇద్దరూ నా వంక చూస్తున్నారు.

"ఎత్తుతావా బావా?" అన్నాను.

"ఎత్తుతాను" అన్నాడు.

నేను నాలుగో గడిలో టిక్కు పెట్టి, గులాబీ కాగితం చించి సంచిలో వేసుకున్నాను.